కిరాయి ఇంట్లో సామాను: తవక్కుల్ ఎక్కడ, బాధ్యత ఎక్కడ?

అల్లాహ్ మానవులకు ప్రసాదించిన అనుగ్రహాలను సూరె నహ్ల్ ఒక్కొక్కటిగా గుర్తు చేస్తుంది. ఆ సూరాలోని 80వ ఆయతు ఇంటి గురించి మాట్లాడుతుంది. ఇళ్లను మనకు ప్రశాంత నిలయాలుగా చేసిన సంగతిని, ప్రయాణాల్లో తేలిగ్గా మోసుకుపోగల తోలు గుడారాలను ప్రస్తావించి, ఆ తర్వాత పశువుల ఉన్ని, బొచ్చు, వెంట్రుకల నుండి తయారయ్యే గృహోపకరణాలను కూడా అనుగ్రహాల్లో చేరుస్తుంది. అవి కొంతకాలం వరకే ఉపయోగపడతాయని కూడా అదే ఆయతు హెచ్చరిస్తుంది. అంటే ఇల్లు ఒక అనుగ్రహం, ఇంట్లోని సామాను మరో అనుగ్రహం. కిరాయి ఇంట్లో ఉండే వ్యక్తికి మొదటిది పరులది, రెండోది మాత్రం అతనిదే. దాని గురించి రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసింది కూడా అతనే.

మా వద్దకు వచ్చే ప్రశ్నల్లో ఒకటి ఇలా ఉంటుంది: "మౌలానా సాబ్, ఇల్లు మాది కాదు, కిరాయిది. కూలినా కాలినా ఓనరు చూసుకుంటాడు. మాకు బీమా ఎందుకు? అల్లాహ్ మీద భరోసా ఉంచితే చాలదా?" ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. రాబోయే నష్టం గురించి ముందే ఏర్పాటు చేసుకోవటం తవక్కుల్‌కు విరుద్ధమా అన్నది మొదటిది. ఆ ఏర్పాటు కోసం ఇన్సూరెన్స్ కంపెనీతో చేసుకునే ఒప్పందం షరీఅత్ దృష్టిలో ధర్మసమ్మతమా అన్నది రెండోది. ఈ రెండింటినీ విడదీయకపోవటం వల్ల చాలామంది రెండో ప్రశ్నకు భయపడి మొదటి ప్రశ్నను కూడా వదిలేస్తున్నారు. కంపెనీ పాలసీ అనుమానాస్పదం అనుకుని, అసలు ఏ జాగ్రత్తా తీసుకోకుండా కూర్చుంటున్నారు. ఇది సరైన పద్ధతి కాదన్నదే మా అభిప్రాయం.

మన ప్రాంతంలో జరిగినవి

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం మండలాన్నే తీసుకుందాం. ఇది 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ సమయంలో ఏర్పడిన మండలం. అడవులు, వాగుల నడుమ ఉన్న ఏజెన్సీ ప్రాంతం. ఇలాంటి మండల కేంద్రాల్లో ఉద్యోగం మీద వచ్చిన టీచర్లు, బట్టలు కుట్టేవారు, మెకానిక్‌లు, డ్రైవర్లు, చిన్న హోటల్ నడిపేవారు కిరాయి గదుల్లోనే కాపురం పెడతారు. వారిలో మన ముస్లిం కుటుంబాలూ ఉంటాయి. ఒకటి రెండు గదుల్లోనే వారి సర్వస్వం ఉంటుంది.

ఈ చుట్టుపక్కల జిల్లాల్లో కొద్ది సంవత్సరాల్లో ఏమేం జరిగాయో చూడండి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తింది. జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఈదురుగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. ఆ మరునాడే, సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో ఆకేరువాగు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అదే రోజున ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు వేలాది ఇళ్లలోకి చొరబడ్డాయి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. భూకంపం అంటే గుజరాత్‌లోనో, హిమాలయాల్లోనో వచ్చేదని అనుకున్న మన ప్రాంతం వాళ్లు ఆ రోజు ఇళ్ల నుండి బయటకు పరుగెత్తారు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వరంగల్, హనుమకొండ పట్టణాల కాలనీలను నీట ముంచింది.

వరద తగ్గాక ఓనరు ఇంటికి గోడలు మిగులుతాయి. కడిగి, ఆరబెట్టి, సున్నం వేస్తే ఇల్లు మళ్లీ ఇల్లవుతుంది. కిరాయిదారుకు మిగిలేదేమిటి? పరుపులు, బీరువాలోని బట్టలు, బియ్యం, పప్పులు, ఫ్రిజ్, గ్రైండర్, పిల్లల పుస్తకాలు, బిడ్డ పెళ్లి కోసం ఒక్కొక్కటిగా కొనిపెట్టిన గిన్నెలు, బతుకుదెరువైన కుట్టుమిషను అన్నీ బురదలో ఉంటాయి. ఓనరు బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకుని ఉంటే ఆ ఇంటికి బీమా ఉండవచ్చు. కానీ ఆ బీమా అతని గోడలకు, అతని కప్పుకు, అతను రాయించుకున్న వస్తువులకే వర్తిస్తుంది. కిరాయిదారు పరుపు, కుట్టుమిషను అందులోకి రావు. "ఓనరు చూసుకుంటాడు" అన్న మాటలోని పొరపాటు ఇదే.

మరి ప్రభుత్వం? విపత్తు సాయం తప్పకుండా ఉంటుంది, దాన్ని తీసుకోవటం మన హక్కు. అయితే దాని పరిమాణం కూడా తెలుసుకోవాలి. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సాయం ప్రమాణాల ప్రకారం ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా దెబ్బతిన్నా, రెండు రోజులకు మించి నీటిలో మునిగినా బట్టలకు కుటుంబానికి 2,500 రూపాయలు, పాత్రలు, గృహోపకరణాలకు మరో 2,500 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వాలు దీనికి మించి ఇచ్చిన సందర్భాలున్నాయి. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాదులో కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించారు. 2024లో విజయవాడలో మునిగిన ఇళ్లలో కింది అంతస్తు వారికి 25,000 రూపాయలు ప్రకటించారు. ఇవి ఆదుకునే సాయమే గాని, పోయిన సామాను తిరిగి తెచ్చేవి కావు.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవటం కాదు

ఒంటెను కట్టేయాలా, లేక వదిలేసి అల్లాహ్ మీద భరోసా ఉంచాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త ముహమ్మద్ (స) ముందు కట్టేసి ఆ తర్వాత భరోసా ఉంచమని బోధించిన సంగతి మనందరికీ తెలుసు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీలో ఉంది. ఈ హదీసును మనం తరచూ వింటాం, కానీ ఒక చిన్న విషయాన్ని గమనించం. అక్కడ ప్రస్తావన నమాజు గురించో, రోజా గురించో కాదు, ఒక మనిషి సొంత ఆస్తి గురించి. తన సొత్తును కాపాడుకోవటం దీన్‌కు బయటి విషయం కాదని దీనివల్ల తెలుస్తోంది.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందు ప్లేగు వ్యాపించి ఉందని తెలిసింది. సహాబాలతో సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయించిన ఒకదాని నుండి అల్లాహ్ నిర్ణయించిన మరొకదాని వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఒక లోయలో ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను పచ్చిక వైపుకు తోలేవాడు కూడా తఖ్దీర్‌లోనే ఉన్నాడని ఉదాహరణ చెప్పి వివరించారు. బుఖారీ, ముస్లింలలో ఉన్న ఈ సంఘటన మన ప్రశ్నకు సూటిగా వర్తిస్తుంది. వరద రావటం తఖ్దీర్ అయితే, వరదకు ముందే సర్దుకోవటం కూడా తఖ్దీరే.

దివ్యఖుర్‌ఆన్‌లో దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణలున్నాయి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) రాబోయే ఏడేళ్ల కరువు కోసం ముందటి ఏడేళ్ల పంటను వెన్నులతోనే నిల్వ చేయించారు. ఆయన ప్రవక్త. ఆయన తవక్కుల్‌ను ఎవరూ శంకించలేరు. సూరె కహఫ్‌లో హజ్రత్ ఖిజ్ర్ (అలైహిస్సలాం) ఒక పడవకు చిల్లు పెట్టిన వృత్తాంతం ఉంది. అది సముద్రంలో పనిచేసుకునే కొందరు పేదల పడవ. ముందుకు వెళితే మంచి పడవలన్నిటినీ బలవంతంగా లాక్కునే రాజు ఉన్నాడు. చిన్న నష్టం కలిగించి, పెద్ద నష్టం నుండి ఆ పేదల జీవనాధారాన్ని కాపాడటమే ఆ పని వెనుక ఉన్న ఉద్దేశం. పేదవాడి పనిముట్టును కాపాడటానికి అల్లాహ్ తన ప్రత్యేక దాసుణ్ణి పంపాడంటే, పేదవాడి పడవకు, పేదవాడి కుట్టుమిషనుకు ఎంత విలువ ఉందో ఆలోచించండి.

నష్టాన్ని ఎవరో ఒకరు మోయవలసిందే

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఏ ఏర్పాటూ చేసుకోని కుటుంబానికి నష్టం జరిగితే ఆ నష్టం మాయమైపోదు. దాన్ని ఎవరో ఒకరు మోస్తారు. ఎవరన్నది ముందే తేల్చుకోకపోతే, ఆపద సమయంలో అది మన చేతిలో ఉండదు.

ముస్లిం షరీఫ్‌లో హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) ఉల్లేఖనం ఉంది. యాచించటం ముగ్గురికి మాత్రమే తగునని దైవప్రవక్త (స) ఆయనకు బోధించారు. ఇతరుల మధ్య సంధి కోసం అప్పు భారాన్ని తలకెత్తుకున్నవాడు ఒకడు. ఏదైనా విపత్తు వచ్చి సొత్తంతా నాశనమైనవాడు రెండోవాడు. అతను తన జీవనానికి ఆసరా దొరికేదాకా అడగవచ్చు. తన వాళ్లలో ముగ్గురు వివేకవంతులు సాక్ష్యమిచ్చేంతటి పేదరికంలో పడినవాడు మూడోవాడు. అలాగే సూరె తౌబా 60వ ఆయతులో జకాత్ తీసుకోదగిన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఉన్నారు. వారి గురించి వివరిస్తూ తాబయీ అయిన ముజాహిద్ (రహ్మతుల్లాహి అలైహ్) ఇల్లు కాలిపోయినవాణ్ణి, వరదలో సొత్తు కొట్టుకుపోయినవాణ్ణి ప్రత్యేకంగా పేర్కొన్నారు. పదమూడు వందల ఏళ్ల క్రితమే వరదకు గురైన కుటుంబం మన ఉలమా దృష్టిలో ఉంది.

వీటి నుండి రెండు పాఠాలు నేర్చుకోవాలి. విపత్తులో అన్నీ పోగొట్టుకున్న సోదరుడు చెయ్యి చాచితే అతన్ని చిన్నచూపు చూడరాదు, అది షరీఅత్ ఇచ్చిన హక్కు. కానీ చెయ్యి చాచే స్థితి రాకుండా ముందే చూసుకోగలిగినవాడు చూసుకోవాలి. వారసులను ఇతరుల ముందు చేతులు చాచేలా వదిలిపోవటం కన్నా స్వయంసమృద్ధంగా వదిలిపోవటం మేలని దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు చేసిన హితబోధ బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆ హితబోధ మరణానంతరం గురించి అయినా, బ్రతికుండగా భార్యాబిడ్డల పట్ల కూడా అదే బాధ్యత వర్తిస్తుంది.

చాలాసార్లు ఆపదలో ఉన్న కుటుంబం జకాత్ దాకా రాదు. సిగ్గుపడుతుంది. ఊరు కాని ఊరిలో కిరాయికి ఉండేవారికి మొహల్లా వాళ్లతో అంత పరిచయం కూడా ఉండదు. అప్పుడు వాళ్లు వెళ్లేది ఎక్కడికి? ఇంట్లో ఉన్న కాస్త బంగారాన్ని వడ్డీకి కుదువ పెడతారు. లేదా వారం వారం కిస్తీలు కట్టే ఫైనాన్సు వాళ్ల దగ్గరికి వెళతారు. లేదా గిరిగిరి వడ్డీకి తెస్తారు. వడ్డీ హరామ్ అనటంలో ఉలమాకు ఎలాంటి భిన్నాభిప్రాయమూ లేదు. ఇన్సూరెన్స్ అనుమానాస్పదమని జాగ్రత్తపడి, ఇతర ఏర్పాటేదీ చేయకుండా, చివరికి సందేహమే లేని వడ్డీలో పడటం ఏ రకమైన తఖ్వా? ఈ ప్రశ్నను ప్రతి ఇంటి పెద్దా తనకు తాను వేసుకోవాలి.

బీమా ఒప్పందం గురించి ఉలమా ఏమన్నారు?

ఇప్పుడు రెండో ప్రశ్న. కంపెనీ ఇన్సూరెన్స్ మన ఫిఖ్హ్ గ్రంథాలకు కొత్త విషయమేమీ కాదు. 1836లో మరణించిన ప్రసిద్ధ హనఫీ పండితుడు అల్లామా ఇబ్న్ ఆబిదీన్ షామీ తన 'రద్దుల్ ముహ్తార్'లో ఓడ సరుకులకు వర్తకులు చేయించుకునే బీమాను 'సూకరా' పేరుతో చర్చించారు. చెల్లించవలసిన బాధ్యత లేనివాడి నుండి నష్టపరిహారం తీసుకోవటం సరికాదన్నారు. ఆ తర్వాత వచ్చిన ఉలమాలో అధికులు కంపెనీ ఇన్సూరెన్స్‌లో మూడు లోపాలు చూపించారు. ఏమి ఇస్తున్నాము, ఏమి వస్తుంది అన్నది తెలియని గరర్ ఒకటి. ఒకరి నష్టం మీద మరొకరి లాభం ఆధారపడే ఖిమార్, అంటే జూదం పోలిక రెండోది. డబ్బుకు బదులు ఎక్కువ డబ్బు రావటం, ఆ నిధులను వడ్డీలో పెట్టటం అనే రిబా మూడోది. సిరియాకు చెందిన ముస్తఫా అజ్జర్ఖా వంటి పండితులు 1961లో డమాస్కస్‌లో జరిగిన ఫిఖ్హ్ సదస్సులో భిన్నాభిప్రాయం చెప్పారు. నష్టాన్ని పదిమంది పంచుకునే ఈ పద్ధతి మూలసూత్రంగా ధర్మసమ్మతమేనని వాదించారు. అయితే వారి అభిప్రాయానికి అధిక సంఖ్యాకుల మద్దతు లభించలేదు.

1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ, లాభం కోసం నడిచే కంపెనీ ఇన్సూరెన్స్ ధర్మసమ్మతం కాదని, పరస్పర సహకారం మీద ఆధారపడే బీమా ధర్మసమ్మతమని తీర్మానించింది. ఈ రెండో పద్ధతినే తకాఫుల్ అంటున్నారు. ఇందులో సభ్యులు తమ చందాను తబర్రుఅ్‌గా, అంటే దానంగా ఇస్తారు. ఆపదలో పడిన సభ్యునికి ఆ నిధి నుండి చెల్లిస్తారు. నిధి సభ్యులదే, నడిపేవారు ధర్మకర్తలు మాత్రమే. 1979లో సూడాన్‌లో ఇలాంటి తొలి కంపెనీ మొదలైంది. 1984లో మలేషియా దీనికోసం ప్రత్యేక చట్టం చేసింది. మన దేశంలో మాత్రం తకాఫుల్‌కు ప్రత్యేక చట్టం లేదు.

మరి మన దేశంలోని ముస్లిం ఏం చేయాలి? ఈ ప్రశ్నను మన పెద్దలు పట్టించుకోకుండా వదిలేయలేదు. 1965లోనే లక్నోలోని నద్వతుల్ ఉలమాకు చెందిన మజ్లిసె తహ్ఖీఖాతె షరయియ్యా దీనిపై చర్చించి, అవసరం, నిర్బంధం ఉన్న పరిస్థితుల్లో వెసులుబాటుకు అవకాశం ఉందన్నది. 1989లో ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ స్థాపించిన ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ కూడా 1990ల తొలి సంవత్సరాల్లో ఈ అంశాన్ని తీసుకుంది. మూలంలో ఈ ఒప్పందం ధర్మసమ్మతం కాకపోయినా, అల్లర్లలో ముస్లింల ప్రాణాలు, ఆస్తులు ప్రమాదంలో పడుతున్న పరిస్థితిని దృష్టిలో ఉంచుకుని వెసులుబాటు ఇచ్చింది. చాలా దారుల్ ఇఫ్తాలు మాత్రం చట్టం తప్పనిసరి చేసిన బీమాకే అనుమతిని పరిమితం చేస్తాయి. క్లెయిములో తాను కట్టినదానికి మించి వచ్చిన సొమ్మును పేదలకు ఇచ్చేయాలని చెప్పే ముఫ్తీలూ ఉన్నారు.

అంటే సామాను బీమా విషయంలో ఒక్క మాటలో తేల్చి చెప్పే వీలు లేదు. వాగు పక్కన కిరాయికి ఉండి, కుట్టుమిషను మీదే బతికే కుటుంబం పరిస్థితి వేరు. రెండో అంతస్తులో ఉండి, బ్యాంకులో దాచుకున్న సొమ్ము ఉన్న ఉద్యోగి పరిస్థితి వేరు. ప్రతి ఒక్కరూ తమ పరిస్థితిని ఉన్నది ఉన్నట్లు చెప్పి, తాము విశ్వసించే ముఫ్తీని అడగాలి. అడిగేముందు పాలసీలో ఏముందో తెలుసుకుని అడగాలి. సగం తెలిసిన ప్రశ్నకు సగం జవాబే వస్తుంది.

పాలసీలో ఏముంటుంది?

బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుండి 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే రకమైన గృహ బీమాను సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్నాయి. ఇల్లు లేకుండా ఇంట్లోని సామానుకు మాత్రమే కూడా దీన్ని తీసుకోవచ్చు. కాబట్టి కిరాయిదారుకూ ఇది వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు వంటివి ఇందులో ఉన్నాయి. అయితే మామూలు దొంగతనం ఇందులోకి రాదు. ఈ ప్రమాదాల్లో ఏదైనా జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపు జరిగిన దొంగతనం మాత్రమే వస్తుంది. నగదు రాదు. నగలు కావాలంటే ప్రత్యేకంగా రాయించుకోవాలి. ఈ వివరాలు చదవకుండా సంతకం పెట్టి, తర్వాత కంపెనీ మోసం చేసిందనటం న్యాయం కాదు.

ఇంకో సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. వంట గ్యాస్ కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ ఆయిల్ కంపెనీలు తమ ఖర్చుతో ప్రమాద బీమా చేయించి ఉంచుతాయి. గ్యాస్ ప్రమాదంలో మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయల వరకు, చికిత్సకు ఒక్కొక్కరికి 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. కనెక్షన్ నమోదైన చిరునామాలో ఆస్తి నష్టం జరిగితే 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. ఇందులో వినియోగదారు విడిగా ప్రీమియం కట్టే ఒప్పందమేదీ లేదు. కానీ 'నమోదైన చిరునామా' అన్న మాటను గమనించండి. కిరాయిదారులు ఇల్లు మారుతూనే ఉంటారు. గ్యాస్ కనెక్షన్ మాత్రం పాత ఇంటి పేరుమీదో, ఊళ్లో ఉన్న తండ్రి చిరునామా మీదో ఉండిపోతుంది. ఇల్లు మారిన వారంలోనే ఏజెన్సీకి వెళ్లి చిరునామా మార్పించుకుంటే ఈ ఆసరా మనకు నిలుస్తుంది. ఇందులో ఫత్వా అవసరం లేదు, కాస్త శ్రద్ధ ఉంటే చాలు.

ఓనరు పట్ల కిరాయిదారు బాధ్యత

కిరాయి ఇల్లు కిరాయిదారు చేతిలో అమానత్ అని మన ఫుఖహా చెప్పారు. తన తప్పు లేకుండా ఇంటికి నష్టం జరిగితే కిరాయిదారు దానికి బాధ్యుడు కాడు. కానీ అతని నిర్లక్ష్యం వల్ల జరిగితే పరిహారం చెల్లించాలి. స్టవ్ వెలిగించి వదిలేసి వెళ్లటం, ఒకే ప్లగ్గుకు నాలుగు వైర్లు తగిలించటం, బాల్కనీలో పెట్రోలు సీసాలు దాచటం వంటివి నిర్లక్ష్యమే. అందువల్ల కిరాయిదారు తన సామాను గురించే కాక, ఓనరు గోడల గురించి, పక్క గదిలో ఉండే కుటుంబం గురించి కూడా ఆలోచించాలి. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచటం ఓనరు బాధ్యత. పాత వైరింగు మార్పించమని, కారే కప్పు బాగు చేయించమని అడగటం కిరాయిదారు హక్కు. కిరాయి తీసుకుని రిపేరు చేయించకపోవటం పరుల హక్కును కాజేయటమేనని ఓనర్లయిన మన సోదరులు గుర్తుంచుకోవాలి.

మొహల్లాలోనే ఒక ఏర్పాటు

తకాఫుల్ కంపెనీ లేకపోయినా తకాఫుల్ స్ఫూర్తి మన చేతిలోనే ఉంది. యమన్ నుండి వచ్చిన అష్అరీ తెగవారి గురించి బుఖారీ, ముస్లింలలో ఒక ఉల్లేఖనం ఉంది. యుద్ధంలో ఆహారం తరిగిపోయినా, ఊళ్లో తిండికి కొరత వచ్చినా వారు తమ వద్ద ఉన్నదంతా ఒక వస్త్రం మీద పోసి, ఒకే పాత్రతో కొలిచి అందరూ సమానంగా పంచుకునేవారట. వారు తన వారని, తాను వారివాడినని దైవప్రవక్త (స) వారిని కొనియాడారు. మన బీమా చర్చకు ఇంతకు మించిన పునాది ఉండదు.

ప్రతి మస్జిద్ పరిధిలో కిరాయికి ఉన్నవారు, సొంత ఇల్లు ఉన్నవారు కలిసి నెలనెలా తమకు వీలైనంత దానంగా ఇచ్చే ఆపద నిధి ఒకటి పెట్టుకోవచ్చు. అగ్నిప్రమాదమో, వరదో జరిగితే మొదటి వారంలోనే బియ్యం, దుప్పట్లు, స్టవ్, పనిముట్లు అందించటం దాని పని. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. 'నెలకు ఇంత కడితే నష్టం వస్తే ఇంత ఇస్తాం' అని మాట ఇస్తే అది చట్టం దృష్టిలో బీమా వ్యాపారం అవుతుంది. 1938 నాటి బీమా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అలా చేయరాదు. కాబట్టి దీన్ని దానంగానే ఉంచాలి, లెక్క రాయాలి, ప్రతి ఏడాది జనం ముందు చదివి వినిపించాలి. జకాత్ సొమ్మును ఇందులో కలపకుండా వేరుగా ఉంచి, అర్హులకే ఇవ్వాలి.

ఇక ప్రతి కిరాయిదారు తన ఇంట్లో ఈ నెలలోనే చేయదగిన కొన్ని పనులున్నాయి. ఇంట్లోని విలువైన వస్తువుల జాబితా రాసి, వాటి రసీదులు, ఫోటోలు ఊళ్లో ఉన్న బంధువు ఫోనులో కూడా ఉంచండి. సాయం కోసం తిరిగేటప్పుడు అదే ఆధారం. ఆధార్, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు, నికాహ్‌నామా ఒక ప్లాస్టిక్ సంచిలో ఎత్తైన చోట పెట్టండి. బతుకుదెరువు పనిముట్టును నేల మీద కాక బల్ల మీద ఉంచండి. కిరాయి ఒప్పందాన్ని కాగితం మీద రాయించుకోండి. కాగితం లేక, ఫలానా ఇంట్లో ఉంటున్నానని నిరూపించుకోలేని కిరాయిదారు సాయం జాబితాలో వెనకబడతాడు. ఆ తర్వాత సామాను బీమా గురించి ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోండి, ముఫ్తీని సంప్రదించండి. తీసుకోవటమా మానటమా అన్నది ఆలోచించి తేల్చుకున్న నిర్ణయం కావాలి గాని, బద్ధకానికి తవక్కుల్ అని పేరు పెట్టటం కారాదు.

సామాను కొంతకాలం వరకే అని అల్లాహ్ చెప్పాడు. ఆ కొంతకాలం కూడా దాన్ని అమానత్‌గా చూసుకోవటం దాసుని పని. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. మన వాగుల ఒడ్డున, అడవి అంచున, పట్టణాల ఇరుకు గదుల్లో కిరాయికి కాపురముంటున్న ప్రతి కుటుంబాన్నీ అల్లాహ్ ఆపదల నుండి కాపాడుగాక! వడ్డీ ఊబి నుండి రక్షించుగాక! ఒకరి నష్టాన్ని మరొకరు పంచుకునే మనసు మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.